లినక్స్ ల్యాప్‌టాప్: వేడినీ విద్యుత్ ఖర్చునూ కొలిచి, ఆ తర్వాతే సరిచేసుకోవడం

ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూసి వేడెక్కిందని ఎవరైనా చెప్పగలరు. ఆ వేడి ప్రాసెసర్‌దా, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీదా, డేటా దాచే ఎస్‌ఎస్‌డీదా, పని లేకపోయినా మేలుకుని ఉన్న గ్రాఫిక్స్ కార్డుదా అన్నది మాత్రం చేతికి తెలియదు. లినక్స్‌లో వీటిని విడివిడిగా కొలిచే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి, కొన్నయితే ముందే యంత్రంలో ఉంటాయి. అయినా చాలామంది కొలత జోలికి పోకుండా, ఎక్కడో చదివిన నాలుగు ప్యాకేజీలను ఒకేసారి ఎక్కించి, వాటిలో ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో చెప్పలేని స్థితికి వస్తుంటారు. నేనూ ఒకప్పుడు ఆ పనే చేశాను. అందుకే ఇక్కడ ముందు కొలత, తర్వాత ఒక్కటంటే ఒక్క మార్పు, ఆ మార్పు తర్వాత మళ్ళీ కొలత అనే క్రమం పాటిస్తున్నాను.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి, హైఫన్ ఉన్నచోట హైఫన్ తప్పకుండా ఇవ్వాలి. ఉదాహరణలన్నీ ఉబుంటు, మింట్, డెబియన్ అనే లినక్స్ రకాల కుటుంబానికి చెందినవి. ఫెడోరా వాడేవారు, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ అన్నచోట డీఎన్ఎఫ్ అని చదువుకుంటే దాదాపు సరిపోతుంది.

అంకెలను చదవడం

మొదట కావలసింది ఎల్ఎమ్-సెన్సార్స్ అనే ప్యాకేజీ. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎల్ఎమ్-సెన్సార్స్’ అనే ఆదేశంతో అది ఎక్కుతుంది; సుడో అంటే నిర్వాహకుడి అధికారంతో నడపమని. ఫెడోరాలో ఈ పేరు మధ్య హైఫన్ బదులు అండర్‌స్కోర్ ఉంటుంది. ఎక్కించిన వెంటనే ‘సుడో సెన్సార్స్-డిటెక్ట్’ నడపమని చాలాచోట్ల చెబుతారు గాని, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ సెన్సర్‌ను లినక్స్ మూలభాగమైన కెర్నెల్ తనంతట తానే గుర్తిస్తుంది కాబట్టి, ముందు ‘సెన్సార్స్’ అనే ఒక్క మాట ఇచ్చి చూడండి. అందులో ప్రాసెసర్ వరుసలే కనబడకపోతే అప్పుడు డిటెక్ట్ నడపవచ్చు. అది అడిగే ప్రతి ప్రశ్నకూ ఎంటర్ మాత్రమే నొక్కి, అది ముందుగా ఎంచి పెట్టిన జవాబునే ఒప్పుకోవడం క్షేమం, ఎందుకంటే ప్రమాదం ఉన్న పరీక్షలకు అది వద్దు అనే జవాబునే సిద్ధంగా ఉంచుతుంది.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే కోర్‌టెంప్ అనే శీర్షిక కింద ‘ప్యాకేజ్ ఐడీ 0’ అన్న వరుస, దాని దిగువన ‘కోర్ 0’, ‘కోర్ 1’ అంటూ కోరుకొక వరుస కనిపిస్తాయి. ఏఎమ్‌డీ అయితే కే10టెంప్ అనే శీర్షిక కింద టీసీటీఎల్ అనే అంకె ఉంటుంది. ఎన్‌వీఎమ్ఈ శీర్షిక కింద కాంపోజిట్ అని ఉన్నది ఎస్‌ఎస్‌డీ ఉష్ణోగ్రత. నా బల్ల మీద ఉన్న ఇంటెల్ యంత్రంలో ఈ వాక్యం రాసే సమయానికి ప్యాకేజ్ వరుసలో +47.0 అని, దాని పక్కన హై +100.0, క్రిట్ +100.0 అని ఉన్నాయి. ఇందులో మొదటిది ఇప్పటి వేడి, తర్వాతివి ఆ ప్రాసెసర్‌కు తయారీలోనే నిర్ణయించిన హద్దులు. మీ యంత్రానికి ఎంత వేడి ఎక్కువ అన్న ప్రశ్నకు జవాబును ఇతరుల యంత్రాల నుంచి తెచ్చుకోకండి. ఆ వరుసలోనే, మీ ప్రాసెసర్‌కు వర్తించే అంకె రాసి ఉంది.

ఏసీపీఐటీజడ్ అనే వరుసను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మకూడదు. అది మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము చెప్పే అంకె. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది నిజమైన సెన్సర్ నుంచి వస్తుంది. మరికొన్నింటిలో చలికాలమైనా, వీడియో ఎడిటింగ్ నడుస్తున్నా +27.8 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. ఫర్మ్‌వేర్ ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతుల లెక్కన చెబుతుంది, అక్కడ ఎవరో 3010 అనే గుండ్రని అంకెను స్థిరంగా పెట్టి వదిలేస్తే మనకు కనిపించేది ఈ 27.8. మైనస్ 273.2 అని కనబడితే అక్కడ సున్నా పెట్టారని అర్థం, అంతేగాని మీ ల్యాప్‌టాప్ గడ్డకట్టలేదు.

ప్యాకేజీలేవీ ఎక్కించలేని చోట, ఉదాహరణకు కార్యాలయం ఇచ్చిన యంత్రంలో, ఫైళ్ళనే నేరుగా చదవవచ్చు. సిస్ అనే మూల ఫోల్డర్‌లో క్లాస్, అందులో థర్మల్, అందులో థర్మల్ అండర్‌స్కోర్ జోన్0, జోన్1 అనే ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో టైప్ అనే ఫైలు అది ఏ సెన్సరో చెబుతుంది, టెంప్ అనే ఫైలు వేడిని వెయ్యో వంతుల డిగ్రీల్లో చెబుతుంది. 47000 అని ఉంటే 47 డిగ్రీలు. మార్పును కళ్ళతో చూస్తూ ఉండాలంటే ‘వాచ్ -ఎన్ 2 సెన్సార్స్’ అని ఇస్తే రెండు సెకన్లకోసారి అంకెలు మారుతూ ఉంటాయి. మీ డెస్క్‌టాప్ రకాన్ని బట్టి గ్నోమ్‌లో వైటల్స్ అనే ఎక్స్‌టెన్షన్, ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెన్సార్స్ ప్లగిన్, కేడీఈలో సిస్టమ్ మానిటర్ ఇదే పనిని ప్యానెల్ మీద చేస్తాయి. రోజువారీ వాడకానికి అవి చాలు.

ఏ అంకె రాసుకున్నా పక్కనే గది ఉష్ణోగ్రత రాసుకోవడం మరవకండి. ఫ్యాను గదిలోని గాలితోనే చల్లబరుస్తుంది గనుక, గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా కాస్త అటూ ఇటూగా అంతే వేడెక్కుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో కూర్చుని 60 డిగ్రీలు చూసి కంగారు పడనక్కరలేదు. అదే 60 డిగ్రీలు డిసెంబరు ఉదయం, ఏ పనీ చేయని యంత్రంలో కనబడితే మాత్రం ఏదో ఉందన్నమాట. నా మటుకు నేను ఖాళీ యంత్రం గదికంటే 15 నుంచి 25 డిగ్రీలు ఎక్కువ ఉంటే మామూలుగానే తీసుకుంటాను, 35 దాటితే కారణం వెతుకుతాను.

భారం పెట్టి చూడటం

ఖాళీగా ఉన్నప్పటి అంకె సగం కథే చెబుతుంది. యంత్రాన్ని కావాలని కష్టపెట్టి చూడటానికి స్ట్రెస్-ఎన్‌జీ అనే ప్యాకేజీ ఎక్కించుకుని, ఒక టెర్మినల్‌లో వాచ్ నడుస్తూ ఉండగా మరో టెర్మినల్‌లో ‘స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 0 --టైమౌట్ 5ఎమ్’ అని ఇవ్వండి. ఇక్కడ సున్నా అంటే ఉన్న కోర్లన్నింటినీ వాడమని, 5ఎమ్ అంటే అయిదు నిమిషాలని అర్థం. ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద ఉంచండి, పరుపు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. వేడి, వేగం, విద్యుత్ మూడూ ఒకే తెర మీద గ్రాఫులుగా కావాలంటే ఎస్-టీయూఐ అనే చిన్న ప్రోగ్రాము చాలా బాగుంటుంది.

మొదటి కొన్ని సెకన్లలోనే వేడి 80, 90 దాకా దూకితే బెదిరిపోకండి. సన్నని ల్యాప్‌టాప్‌లను హద్దు దాకా వెళ్ళి అక్కడ తమను తాము అదుపు చేసుకునేటట్టే తయారు చేస్తారు. చూడవలసింది ఆ తర్వాత వేగం ఏమవుతుందన్నది. ‘వాచ్ -ఎన్ 1’ పక్కన డబుల్ కోట్స్‌లో ‘గ్రెప్ ఎమ్‌హెచ్‌జడ్ /ప్రాక్/సీపీయూఇన్‌ఫో’ అని ఇస్తే ప్రతి కోరు వేగం కనబడుతుంది; ఇక్కడ మాత్రం ఎమ్, హెచ్ రెండూ పెద్ద అక్షరాలు, జడ్ చిన్నది. మొదట 3500 దగ్గర ఉన్న వేగం కాసేపటికి 2400కు దిగిందనుకుందాం. దీనికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఒకటి, ప్రాసెసర్ వేడి హద్దును తాకి వెనక్కి తగ్గడం. రెండోది, వేడితో పని లేకుండా, తయారీదారు పెట్టిన వాట్ల పరిమితి వల్ల తగ్గడం: ఇంటెల్ ప్రాసెసర్లు కొద్దిసేపు, తరచుగా అర నిమిషం పాటు, ఎక్కువ వాట్లు తీసుకుని, తర్వాత తక్కువ పరిమితికి దిగుతాయి. రెండోది లోపం కాదు, దాన్ని బాగు చేయబోవడం వృథా ప్రయాస.

ఏది ఏదో తేల్చుకునే మార్గం ఇంటెల్ యంత్రాల్లో ఉంది. సిస్, డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0 అనే వరుసలో లోపలికి వెళితే థర్మల్ అండర్‌స్కోర్ థ్రాటిల్ అనే ఫోల్డర్, అందులో ప్యాకేజ్ అండర్‌స్కోర్ థ్రాటిల్ అండర్‌స్కోర్ కౌంట్ అనే ఫైలు ఉంటాయి. యంత్రం వెలిగినప్పటి నుంచి వేడి వల్ల ఎన్నిసార్లు వెనక్కి తగ్గిందో ఆ ఫైలు చెబుతుంది. పరీక్షకు ముందు ఆ అంకె చూడండి, తర్వాత చూడండి. అంకె పెరగకుండానే వేగం తగ్గిందంటే అది వాట్ల పరిమితి. వందల్లో పెరిగితే వేడి. ‘జర్నల్‌సీటీఎల్ -కే’ ఇచ్చి అందులో థ్రాటిల్ అన్న మాట కోసం వెతికినా కెర్నెల్ రాసుకున్న ఫిర్యాదు దొరకవచ్చు.

వేడే కారణమని తేలి, యంత్రం కొని రెండు మూడేళ్ళు దాటి ఉంటే, సెట్టింగుల జోలికి వెళ్ళేముందు దుమ్ము సంగతి చూడండి. యంత్రాన్ని పూర్తిగా ఆపి, అడుగు మూత విప్పి, ఫ్యాను రెక్కలు తిరగకుండా ఒక పుల్లతో ఆపి పట్టుకుని, గాలి బయటికి పోయే జాలీ మీద బ్లోయర్‌తో ఊదితే, ఫ్యానుకూ జాలీకీ మధ్య దూదిపరుపులా పేరుకున్న దుమ్ము ఊడి వస్తుంది. రెక్కలను వదిలేసి ఊదితే అవి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఫ్యాను వేగాన్ని మనమే నడిపించే ప్రోగ్రాములు కొన్ని ఉన్నా, ల్యాప్‌టాప్‌లలో ఆ పనిని మదర్‌బోర్డు మీది చిప్పు చూసుకుంటుంది కాబట్టి వాటిని నేను ఎవరికీ సూచించను.

పని లేనప్పుడు వేడి

నిజానికి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది భారం కింద వచ్చే వేడి కాదు, ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు వినిపించే ఫ్యాను మోత. ముందు ‘టాప్’ అని ఇచ్చి, షిఫ్ట్‌తో పాటు పీ నొక్కి, పైవరుసలో ఎవరున్నారో చూడండి. సాధారణంగా అక్కడ దొరికేది మరిచిపోయిన బ్రౌజర్ ట్యాబు, లేదా కొత్తగా కాపీ చేసిన వేల ఫోటోలను సూచీకరిస్తున్న ప్రోగ్రాము. రెండోదాన్ని చంపనక్కరలేదు, దాని పని అయ్యేవరకు ఆగితే చాలు.

టాప్‌లో ఎవరూ దొరకకపోతే పవర్‌టాప్ కావాలి. 2007లో ఇంటెల్ విడుదల చేసిన ఈ సాధనం ఏ ప్రోగ్రాము, ఏ పరికరం ప్రాసెసర్‌ను సెకనుకు ఎన్నిసార్లు నిద్ర లేపుతోందో చూపుతుంది. ఛార్జర్ తీసేసి ‘సుడో పవర్‌టాప్’ అని నడిపితే, కాసేపటికి బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు పోతున్నాయో కూడా కనిపిస్తుంది. ఆ వాట్ల అంకెను రాసుకోండి. తెర వెలుగును పూర్తిగా పెంచి ఒకసారి, మూడో వంతుకు తగ్గించి ఒకసారి చూస్తే, ఏ సెట్టింగూ ఇవ్వనంత లాభం ఆ ఒక్క మీటలో ఉందని చాలా ల్యాప్‌టాప్‌లలో మీకే తెలుస్తుంది.

ట్యాబ్ మీటతో పక్కకు వెళితే ట్యూనబుల్స్ అనే పేజీలో కొన్ని వరుసల ముందు బ్యాడ్ అని, కొన్నింటి ముందు గుడ్ అని ఉంటుంది. అన్నింటినీ ఒక్కసారిగా గుడ్ చేసే ‘--ఆటో-ట్యూన్’ అనే సౌకర్యం ఉంది, దానిని వాడినవారిలో చాలామంది మరుక్షణం మౌసు గురించే గొడవ పెడతారు: యూఎస్‌బీ మౌసు రెండు సెకన్లు కదపకపోతే నిద్రపోతుంది, మళ్ళీ క్లిక్ చేస్తేగాని లేవదు. అందుకే మౌసు, కీబోర్డు వరుసలను వదిలేసి మిగతావి ఒక్కొక్కటిగా మార్చి చూడటం మేలు. రీబూట్ చేస్తే ఈ మార్పులన్నీ పోతాయి. ప్రయోగం చేసేవారికి అది వరమే.

ఎన్‌విడియా కార్డు కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే ‘ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ’ అని ఇచ్చి ఏ కార్డు పని చేస్తోందో చూడండి. ఆన్-డిమాండ్ అని ఉంటే సాధారణ వాడకానికి సరిపోతుంది. అయితే కార్డు వేడి చూడటానికి వాడే ‘ఎన్‌విడియా-ఎస్ఎమ్ఐ’ ఆదేశాన్ని వాచ్‌లో పెట్టి వదిలేయకండి. అడిగిన ప్రతిసారీ అది నిద్రపోతున్న కార్డును తట్టి లేపుతుంది, ఇక కార్డు ఎందుకు చల్లబడటం లేదని మీరు ఆశ్చర్యపోతూ ఉంటారు.

ఎవరో ఒక్కరే పెత్తనం చేయాలి

ఉబుంటు 22.04 నుంచి తెర పైమూల మెనూలో పవర్ మోడ్ అనే మీట వస్తోంది. దాని వెనుక పని చేసేది పవర్-ప్రొఫైల్స్-డీమన్. టెర్మినల్‌లో ‘పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్’ అని ఇస్తే పర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, పవర్-సేవర్ అనే వాటిలో మీ యంత్రంలో ఏవి ఉన్నాయో, ఏది నడుస్తోందో చెబుతుంది. పర్ఫార్మెన్స్ అన్ని యంత్రాల్లోనూ ఉండదు. ఉన్నచోట దాని కింద డిగ్రేడెడ్ అనే వరుసను కూడా చదవండి. వేడి ఎక్కువైతే ఆ సంగతి అక్కడ రాస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు తాము బల్ల మీద కాక ఒడిలో ఉన్నామని గ్రహించి, మన తొడలు కాలకుండా వేగం తగ్గించి, ఆ కారణాన్నీ అక్కడే నమోదు చేస్తాయి.

దీనికి ప్రత్యామ్నాయం టీఎల్‌పీ. మెనూ మీట ఇచ్చే రెండు మూడు మోడ్‌ల బదులు, ఛార్జర్ ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఒకలా ప్రతి పరికరానికీ విడిగా నియమాలు పెట్టే వీలు అందులో ఉంది. నియమాలన్నీ ఈటీసీ ఫోల్డర్‌లోని టీఎల్‌పీ.కాన్ఫ్ అనే ఒకే ఫైలులో, ప్రతి వరుసకూ వివరణతో ఉంటాయి. ‘సుడో టీఎల్‌పీ-స్టాట్ -ఎస్’ ప్రస్తుత స్థితిని, ‘-టీ’ వేడినీ ఫ్యానునూ, ‘-బీ’ బ్యాటరీనీ చూపుతాయి. టీఎల్‌పీనీ పవర్-ప్రొఫైల్స్-డీమన్‌నూ కలిపి నడపకూడదు: ఒకటి పెట్టిన విలువను మరొకటి మార్చేస్తుంది, మీరు మెనూలో ఏది నొక్కినా ఫలితం అర్థం కాకుండా పోతుంది. ఫెడోరా 41 నుంచి ఆ మీట వెనుక ట్యూన్‌డ్ అనే మూడో సేవ ఉంది, దానికీ ఇదే వర్తిస్తుంది. ఒక రోజుకు ఆరేడు గంటలు బ్యాటరీ మీద పనిచేసే అవసరం లేనివారికి మెనూ మీటే చాలని నా అభిప్రాయం. ఇంటెల్ యంత్రాల్లో వేడి హద్దును తాకకముందే మెల్లగా తగ్గించే థర్మల్‌డీ అనే సేవ మాత్రం వీటికి పోటీ కాదు, అది ఉంటే ఉండనివ్వండి.

కరెంటు పోయి ఇన్వర్టరు మీద, ఏసీ లేకుండా పని చేయవలసిన మధ్యాహ్నాలలో నేను వాడే చిట్కా ఒకటి ఉంది. ప్రాసెసర్ తన మూల వేగాన్ని మించి పరుగెత్తే టర్బోను ఆపివేయడం. ఇంటెల్ యంత్రంలో ‘ఎకో 1 | సుడో టీ /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/ఇంటెల్_పీస్టేట్/నో_టర్బో’ అని ఇవ్వాలి. ఇక్కడ టీ అంటే టీ, ఈ, ఈ అనే మూడక్షరాలు. ఏఎమ్‌డీలో సీపీయూ ఫోల్డర్ లోపలి సీపీయూఫ్రెక్‌లో బూస్ట్ అనే ఫైలు ఉంటే, అందులో 0 రాయాలి. రాతపనికీ, బ్రౌజింగుకీ తేడా పెద్దగా తెలియదు, ఫ్యాను మాత్రం నోరు మూసుకుంటుంది. ఇంటెల్‌లో 0, ఏఎమ్‌డీలో 1 రాసినా, రీబూట్ చేసినా పాత స్థితి తిరిగి వస్తుంది.

బ్యాటరీ ఎంత మిగిలింది

బ్యాటరీ వివరాలు సిస్, క్లాస్, పవర్ అండర్‌స్కోర్ సప్లై, బ్యాట్0 (ఈ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది) అనే ఫోల్డర్‌లో ఉంటాయి. కొన్ని యంత్రాల్లో అది బ్యాట్1. అక్కడ ఎనర్జీ-ఫుల్-డిజైన్ అనే ఫైలులో 50000000 అని, ఎనర్జీ-ఫుల్ అనే ఫైలులో 41000000 అని ఉంటే, 50 వాట్-అవర్ల బ్యాటరీ ఇప్పుడు 41 మాత్రమే పట్టుకోగలుగుతోందని, అంటే 82 శాతం మిగిలిందని అర్థం. ఎనర్జీ అన్న మాట బదులు ఛార్జ్ అని ఉన్నా నిష్పత్తి లెక్క ఇదే. ఈ 41ని పవర్‌టాప్‌లో రాసుకున్న వాట్లతో భాగిస్తే ఎన్ని గంటలు వస్తుందో తేలుతుంది: 8 వాట్లయితే అయిదు గంటల పైచిలుకు, 14 అయితే మూడు గంటల లోపు. తెర మూలన కనిపించే మిగిలిన సమయం కంటే నేను ఈ భాగహారాన్నే నమ్ముతాను.

లిథియం బ్యాటరీని ముసలిదాన్ని చేసేవి ప్రధానంగా రెండు, వేడి, నిండు ఛార్జి. రోజంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచే ల్యాప్‌టాప్‌లో రెండూ కలుస్తాయి. అదే ఫోల్డర్‌లో ఛార్జ్-కంట్రోల్-ఎండ్-థ్రెషోల్డ్ అనే ఫైలు ఉంటే, పైన చెప్పిన ఎకో పద్ధతిలోనే అందులో 80 రాస్తే, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగుతుంది. ఈ పేర్లలో నేను హైఫన్ పెట్టిన చోటల్లా అసలు ఫైలు పేరులో అండర్‌స్కోర్ ఉంటుంది. రీబూట్ తర్వాత ఈ విలువ పోయే యంత్రాల్లో టీఎల్‌పీ.కాన్ఫ్‌లోని స్టాప్ ఛార్జ్ థ్రెష్ బ్యాట్0 అనే వరుసలో పెట్టుకోవచ్చు. గ్నోమ్ 48 నుంచి మద్దతు ఉన్న యంత్రాలకు సెట్టింగుల్లోనే ఈ సదుపాయం వచ్చింది. ఫైలే లేకపోతే ఈ పద్ధతి ఆ యంత్రానికి పనికిరాదన్నమాట; బయాస్‌లో ఉందేమో చూడండి.

మూత మూసిన తర్వాత

ఒకసారి విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సులో వస్తూ, మూత మూసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచుకున్నాను. దిగేటప్పుడు సంచి పట్టుకుంటే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. బయలుదేరేటప్పుడు 70 శాతం ఉన్న బ్యాటరీ 20కి పడిపోయింది. ‘క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్’ అని ఇస్తే ‘ఎస్2ఐడల్’, ‘డీప్’ అనే రెండు మాటలు వచ్చాయి, వాటిలో మొదటి దాని చుట్టూ చదరపు కుండలీకరణాలు ఉన్నాయి. అంటే నా యంత్రం గాఢనిద్రకు పోకుండా కునికిపాట్లు పడుతోందన్నమాట. ఎస్2ఐడల్‌లో ప్రాసెసర్‌కు విద్యుత్ పూర్తిగా ఆగదు. ఏదైనా పరికరం సరిగా సహకరించకపోతే గాలి ఆడని సంచిలో వేడి పేరుకుంటుంది.

మీ యంత్రంలోనూ డీప్ అనే మాట ఉంటే, ముందు తాత్కాలికంగా ‘ఎకో డీప్ | సుడో టీ /సిస్/పవర్/మెమ్_స్లీప్’ అని ఇచ్చి, నాలుగైదు సార్లు మూత మూసి తెరిచి, వైఫై, శబ్దం, తెర సరిగా తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. కొన్ని యంత్రాలు డీప్ నుంచి లేవలేక నల్ల తెరతో ఆగిపోతాయి, వాటిలో రీబూట్ చేసి ఆ ఆలోచన మానుకోవాలి. అంతా బాగుంటే ఈటీసీ, డిఫాల్ట్, గ్రబ్ అనే ఫైలులో సీఎమ్‌డీలైన్_లినక్స్_డిఫాల్ట్ అని వచ్చే వరుసలోని కోట్స్ మధ్య ‘మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్’ చేర్చి, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ నడిపితే శాశ్వతమవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీప్ ఉండనే ఉండదు, ఒక్క ఎస్2ఐడల్ మాత్రమే కనబడుతుంది. అలాంటివాటిని సంచిలో పెట్టేముందు పూర్తిగా ఆపడమే నేను చేస్తున్న పని. నా పాత యంత్రం మాత్రం ఈ మార్పు తర్వాత అదే బస్సులో, అంతే దూరానికి రెండు శాతం బ్యాటరీ ఖర్చు చేసింది, దిగేటప్పుడు సంచి చల్లగా ఉంది.